చెవి మిషన్ పెట్టుకునేవాళ్లు ఏ ఫోన్ కొనాలి?

సంపాదకుల వారికి నమస్కారం.

కొత్త ఫోన్ల గురించి మీ పత్రికలో వచ్చే పేజీని నేను వదలకుండా చదువుతాను. కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్లు, బ్యాటరీ ఎంత, ప్రాసెసర్ ఏది అని చక్కగా పట్టిక వేసి ఇస్తున్నారు. పాత ఆండ్రాయిడ్ తీసేసి కొత్త ఆండ్రాయిడ్ కొనేవారికి ఆ పట్టిక సరిపోతుంది. ఐఫోన్ నుంచి ఆండ్రాయిడ్‌కో, అటు నుంచి ఇటో మారాలనుకునేవారికి మాత్రం చాలదు. ఇన్నేళ్లూ పాత ఫోన్‌తో ఏమేం ముడిపడి ఉన్నాయి, వాటిలో కొత్త ఫోన్‌తో ఏవి పనిచేస్తాయి అన్నది వాళ్లు ముందు చూసుకోవాలి. ఆ సంగతి ఎవరూ రాయడం లేదు.

నేను బడిలో లెక్కలు చెబుతాను. రెండు చెవులకూ మిషన్లు పెట్టుకుంటాను. చాలా ఏళ్లుగా ఐఫోనే వాడుతున్నానంటే కారణం ఆ మిషన్లే. మామూలుగా ఫోన్ తీసి చెవికి ఆనిస్తే మిషన్ కీచుమంటుంది. అవతలివాళ్ల మాట సగం ఆ కీచులోనే పోతుంది. ఫోన్‌లోని శబ్దం నేరుగా చెవి మిషన్‌లోకి వచ్చే ఏర్పాటును యాపిల్ అందరికన్నా ముందు తెచ్చింది. 2014 నాటికే అలాంటి మిషన్లు అమ్మకానికి వచ్చాయి. పిల్లల తల్లిదండ్రులు ఫోన్ చేసినప్పుడు ‘మళ్లీ చెప్పండి’ అనకుండా మాట్లాడగలగడం నాకు ఎంత పెద్ద విషయమో, వినికిడి సమస్య ఉన్నవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు నా ఫోన్ పాతదైపోయింది, అప్‌డేట్లు రావడం ఆగిపోయింది. ఇంట్లో అందరివీ ఆండ్రాయిడ్లే, నేనూ మారదామనుకున్నాను. కొనకముందే ఇంట్లో ఉన్న ఫోన్లతో నా మిషన్లు కలిపి చూశాను. మా అన్నయ్య కూతురి ఫోన్ సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ కింద ‘హియరింగ్ డివైజెస్’ అని ఉంది. అందులోకి వెళ్లి కలిపితే, వంటింట్లోంచి వాళ్లమ్మ చేసిన కాల్ రెండు చెవుల్లోనూ స్పష్టంగా వినిపించింది. తర్వాత మా ఆయన ఫోన్ తీసుకున్నాను. అందులో మిషన్ల కంపెనీ యాప్ వేసుకుంటే కనెక్ట్ అయింది. సౌండ్ పెంచితే పెరిగింది, తగ్గిస్తే తగ్గింది. అంతా బాగానే ఉందనుకుని కాల్ చేయించాను. గొంతు ఫోన్ స్పీకర్‌లోంచి వచ్చింది. మిషన్‌లోకి ఒక్క మాట రాలేదు. రెండూ ఆండ్రాయిడ్లే, కొని ఎక్కువ కాలం కానివే.

దీనికి కారణం ఉంది. ఆండ్రాయిడ్ నుంచి చెవి మిషన్లకు శబ్దం పంపడానికి గూగుల్ 2018లో ఏఎస్‌హెచ్‌ఏ అనే పద్ధతిని ప్రకటించింది. ఆండ్రాయిడ్ 10 నుంచి అది అందుబాటులోకి వచ్చింది. అయితే దాన్ని తమ ఫోన్‌లో పెట్టాలా వద్దా అన్నది ఫోన్ తయారుచేసే కంపెనీల ఇష్టం. కొందరు పెడతారు, కొందరు పెట్టరు. పైగా మిషన్ కూడా ఆ పద్ధతికి తగ్గదై ఉండాలి. శబ్దం పంపడానికే 2020లో ప్రకటించిన మరో కొత్త పద్ధతి బ్లూటూత్ ఎల్‌ఈ ఆడియో విషయమూ అంతే, ఫోన్‌లోనూ మిషన్‌లోనూ రెండుచోట్లా ఉంటేనే పనిచేస్తుంది. మామూలు బ్లూటూత్‌తోనే ఏ ఫోన్‌కైనా కలిసే మిషన్లు కూడా ఉన్నాయి, అవి ఉన్నవారికి ఈ బాధ లేదు. కాబట్టి ‘ఆండ్రాయిడ్‌కు మారుతున్నాను’ అనుకుంటే సరిపోదు. ఏ కంపెనీ, ఏ మోడల్ అన్నదాకా వెళ్లి అడగాలి. మిషన్ మార్చడం ఫోన్ మార్చినంత తేలిక కాదు. పరీక్షలు, అమర్చడాలు, మళ్లీ అలవాటు పడడం, అదంతా పెద్ద పని. అందుకే మిషన్‌కు తగిన ఫోన్‌నే వెతుక్కోవాల్సి వస్తుంది.

ఇది ఏ కొద్దిమందికో పరిమితమైన విషయమని అనుకోకండి. ప్రపంచంలో 150 కోట్ల మందికి పైగా ఎంతోకొంత వినికిడి లోపంతో ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. ఇయర్‌ఫోన్లే చెవి మిషన్లుగా పనిచేసే రోజులు కూడా వచ్చేశాయి. యాపిల్ ఇయర్‌ఫోన్లు ఎయిర్‌పాడ్స్ ప్రో 2ను అలా వాడుకోవడానికి వీలుకల్పించే సాఫ్ట్‌వేర్‌కు 2024లో అమెరికాలో మందులు, వైద్య పరికరాలను పరిశీలించే సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. దాన్ని సెట్ చేసుకోవాలంటే ఐఫోనో ఐప్యాడో ఉండాలి. ఆ ఇయర్‌ఫోన్ల మీద ఆధారపడినవాళ్లు ఐఫోన్ వదిలేసే ముందు ఆలోచించుకోవాలి.

ఇక అందరికీ వచ్చే టెన్షన్ వాట్సాప్. ఐఫోన్ బ్యాకప్ ఐక్లౌడ్‌లోకి వెళ్తుంది, ఆండ్రాయిడ్ బ్యాకప్ గూగుల్ ఖాతాలోకి వెళ్తుంది. ఒకదాన్ని రెండోది తెరవలేదు. ఐఫోన్ నుంచి ఆండ్రాయిడ్‌కు చాట్‌లు తీసుకెళ్లే దారి 2021లో వచ్చింది, అటు నుంచి ఇటు రావడానికి 2022లో వచ్చింది. కొత్త ఫోన్‌ను మొదటిసారి ఆన్ చేసి సెటప్ చేసేటప్పుడే, రెండు ఫోన్లనూ కేబుల్‌తో కలిపి నేను ఆ పని చేయించాను. తొందరపడి ముందే కొత్త ఫోన్‌లో వాట్సాప్ తెరిచి నంబర్ ఇచ్చేస్తే, ఫోన్ మొత్తం చెరిపేసి మళ్లీ మొదలుపెట్టాల్సిన పరిస్థితి రావచ్చు. ఐఫోన్ వదిలేవాళ్లు సిమ్ తీయకముందే ఐమెసేజ్‌ను (ఐఫోన్ల మధ్య మెసేజ్‌లు పంపే యాపిల్ సదుపాయం) ఆపేయాలి, లేకపోతే ఐఫోన్లు ఉన్న స్నేహితులు పంపే మెసేజ్‌లు మనకు అందకుండా పోతాయి. సిమ్ తీసేశాక గుర్తొస్తే ఐమెసేజ్ నుంచి నంబర్‌ను వేరుచేసుకోవడానికి యాపిల్ 2014 నుంచి వెబ్‌లో ఒక పేజీ పెట్టింది. డబ్బిచ్చి కొన్న యాప్‌లు వెంట రావు. ఓటీపీ కోడ్‌లు ఇచ్చే ఆథెంటికేటర్ యాప్ కొత్త ఫోన్‌లో పనిచేస్తోందని చూసుకునేదాకా పాత ఫోన్‌ను ఎవరికీ ఇవ్వకండి.

చివరికి మా అన్నయ్య కూతురి దగ్గరున్న మోడలే కొన్నాను. అంతకన్నా మంచి కెమెరా ఉన్నవి మీ పట్టికలో చాలానే కనిపించాయి. వాటిలో ఏది నా మిషన్లతో పనిచేస్తుందో చెప్పే గడి మాత్రం ఒక్కటీ లేదు. కంపెనీల వెబ్‌సైట్లలో ఈ వివరం ఎక్కడో అడుగున ఉంటుంది, కొన్నింటిలో అసలే ఉండదు. కొన్నాక గానీ తెలియని పరిస్థితి. నాకైతే ఇంట్లోనే రకరకాల ఫోన్లు ఉన్నాయి కాబట్టి సరిపోయింది. ఒంటరిగా ఉండే పెద్దవాళ్లు ఎవరి ఫోన్ అడిగి చూసుకుంటారు?

అందుకని నా విన్నపం. మీరు వేసే పట్టికలో ‘చెవి మిషన్‌కు నేరుగా శబ్దం పంపుతుందా, ఏ పద్ధతిలో’ అని ఒక్క గడి చేర్చండి. పరీక్షకు మీ చేతికొచ్చిన ఫోన్‌ను ఒక చెవి మిషన్‌తో కలిపి, కాల్ చేసి చూడమని మీ విలేకరులకు చెప్పండి. కంపెనీ కాగితం మీద రాసిచ్చిందే వేయకండి, ఎందుకంటే మా ఆయన ఫోన్‌లోనూ ‘కనెక్ట్ అయింది’ అనే వచ్చింది. నాలాంటి పాఠకులు అడిగితే జవాబివ్వని కంపెనీలు పత్రిక అడిగితే ఇస్తాయి. వచ్చే పట్టిక నుంచే ఇది మొదలుపెట్టమని కోరుతున్నాను.

ఇట్లు,
మీ పాఠకురాలు, ఒక లెక్కల టీచర్