పూల్ ఫొటో చూసి విల్లా బుక్ చేసేముందు...

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ పేపర్లో ఇటలీ టస్కనీ విల్లాల మీద ఫుల్ పేజీ వేశారు కదా, ఫొటోలు బావున్నాయి కాదనను, కానీ అది చూసి మా వీధిలో అప్పుడే ఇద్దరు బుక్ చేసేస్తామంటున్నారు, అందుకే ఈ ఉత్తరం. నిరుడు జూన్లో మా అమ్మాయి వాళ్ళు, అబ్బాయి వాళ్ళు, నేను, మావారు, పిల్లలతో కలిపి తొమ్మిది మందిమి ఆ టస్కనీలోనే పియెంజా అనే ఊరి దగ్గర వారం ఉండొచ్చాం. ఆ ఊరున్న వాల్ దోర్చా లోయ 2004లోనే యునెస్కో ప్రపంచ వారసత్వ లిస్టులోకెక్కింది. కోతకొచ్చిన గోధుమ చేలు, గట్ల మీద వరసగా సైప్రస్ చెట్లు, చూడ్డానికి రెండు కళ్ళూ చాలవు.

కానీ అది పొలం అండీ. మీ పేజీలో ఆ మాటే లేదు. విల్లా అనగానే మనకి హైదరాబాద్ గేటెడ్ కమ్యూనిటీ గుర్తొస్తుంది, గేట్లో వాచ్‌మన్, ఫోన్ కొడితే పది నిమిషాల్లో పెరుగు పాకెట్. అక్కడ విల్లా అంటే చాలావరకు చేలో రైతు కట్టుకున్న పాత రాతి ఇల్లే, దాన్నే బాగుచేసి పక్కన పూల్ తవ్వి అద్దెకిస్తున్నారు. మా ఇంటికి చివరి రెండు కిలోమీటర్లు కంకర బాట, పాలు కావాలంటే పదకొండు కిలోమీటర్లు కారేసుకుని పోవాలి. సీజన్లో ఎక్కువ చోట్ల శనివారం నుంచి శనివారానికే ఇస్తారు, మేం చేరేసరికి రాత్రయింది, తెల్లారితే ఆదివారం, దగ్గర్లో ఉన్న ఒక్క కొట్టూ మూసేశారు. తెనాలి నుంచి మోసుకెళ్ళిన అటుకులూ ఆవకాయే కాపాడాయి.

అన్నట్టు నెయ్యి, పాలకోవా మాత్రం సూట్‌కేసులో పెట్టకండి, ఇండియా నుంచి పాల పదార్థాలు, మాంసం యూరప్‌లోకి రానివ్వరు. మా వదిన పోరి పోరి ఇచ్చిన నెయ్యి డబ్బా ఎయిర్‌పోర్టులోనే వదిలేశాం, ఆవిడకి ఇంకా చెప్పలేదు.

కరెంటు సంగతి ఇంకో తమాషా. ఇటలీలో మామూలు ఇళ్ళకి మూడు కిలోవాట్ల కనెక్షనే ఉంటుంది, అంత పెద్ద ఇంటికీ అదేనట. ఓవెన్, వాషింగ్ మెషిన్, ఏసీ ఒకేసారి వేస్తే టప్‌మని పోయింది, మీటరు ఎక్కడో తోటలో, మా అల్లుడు ఫోన్ లైటేసుకుని రోజూ రాత్రి వెతుక్కోవడమే.

ఏజెంటు చెఫ్ ఉంటాడన్నాడు. ఉంటాడు నిజమే, మనిషికింతని విడిగా ఇస్తే వస్తాడు, సరుకుల డబ్బులు మళ్ళీ వేరే! ఆఖర్న క్లీనింగ్ ఫీజు, టూరిస్ట్ టాక్స్ కూడా అడిగారు. ఇవన్నీ ముందే కాగితం మీద రాయించుకోవాలి. వీసా రాకముందే మొత్తం కట్టెయ్యకండి, ఇటలీకి కావాల్సిన షెంజెన్ వీసా ఫీజే పెద్దాళ్ళకి 90 యూరోలు, రిజెక్ట్ అయితే అది ఎలాగూ రాదు, విల్లా అడ్వాన్సు కూడా పోతే ఏడుపే. దొంగ లిస్టింగుల భయముంటే ఒకటి చూడండి, 2025 జనవరి 1 నుంచి అక్కడ టూరిస్టులకి రోజుల లెక్కన అద్దెకిచ్చే ఇంటి ప్రకటనలో సీఐఎన్ అనే ప్రభుత్వ గుర్తింపు కోడ్ వెయ్యడం తప్పనిసరి చేశారు, అది లేకపోతే ఎందుకు లేదని అడగండి.

కారు నడిపేవాళ్ళు ఇక్కడే ఆర్టీఏలో ఇంటర్నేషనల్ పర్మిట్ తీసుకోవాలి, గేర్లు లేని బండి కావాలంటే ముందే చెప్పుకోవాలి. సియెనా, ఫ్లోరెన్స్ పాత ఊళ్ళోకి పర్మిషన్ లేని కార్లు రాకూడదు, గేట్లుండవు, కెమెరాలే. మేం మాప్ చెప్పినట్టు పోనిచ్చాం, ఇంటికొచ్చిన నాలుగు నెలలకి ఫైన్ వచ్చింది.

నన్నడిగితే ఆ డబ్బులో సగానికి అగ్రితురిస్మోలో, అంటే రైతు తన పొలంలోనే అతిథులకి బస ఇచ్చే చోట, ఉండొచ్చు. 1985లో దీనికని చట్టమే చేశారు, తర్వాత 2006లో మార్చారు, నడిపేవాడు రైతే అయ్యుండాలి, వ్యవసాయమే అసలు పనిగా ఉండాలి. మా పక్క తోటలో అలాంటిదుంటే ఒక రాత్రి భోజనానికెళ్ళాం. ఆవిడ చేత్తో చేసిన పిచి అనే లావాటి పాస్తా, టమాటా వెల్లుల్లి వేసి, వాళ్ళ గానుగ ఆలివ్ నూనె పైన పోసి పెట్టింది. వారం మొత్తంలో మావారు రెండోసారి వడ్డించుకుంది అక్కడొక్కచోటే. మేమున్న ఇంటి ఓనరు ఎక్కడో మిలాన్లో ఉంటాడట, మొహం కూడా చూళ్ళేదు.

ఈసారి ఇలాంటి పేజీ వేసినప్పుడు ఫొటో కింద కొట్టు ఎంత దూరమో, ఎప్పటిదాకా కాన్సిల్ చేసుకోవచ్చో రెండు లైన్లు వెయ్యండి సార్. పూల్ సంగతంటారా, నీళ్ళు మంచులా ఉన్నాయి, పిల్లలు తప్ప ఎవరం దిగలేదు.

ఇట్లు,
ఒక పాఠకురాలు, తెనాలి