ఆ మూల ఎందుకు కత్తిరించారు సార్?

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ పేపర్లో డాంటే గేబ్రియల్ రోసెట్టి మీద వచ్చిన వ్యాసం చదివాను. నేను ముప్పై ఏళ్లుగా అనంతపురంలో షాపులకు బోర్డులు రాసుకుని బతికేవాణ్ని, బొమ్మలు కూడా వేసిన ఇలాంటి ఇంగ్లిష్ కవి గురించి పేపరుకు ఉత్తరం రాస్తానని ఏనాడూ అనుకోలేదు. ఎం.ఏ. ఇంగ్లిష్ చదివే మా అమ్మాయి 'పొద్దున్నుంచి నా దగ్గర గొణిగే బదులు వాళ్లకే రాయి నాన్నా' అంటే రాస్తున్నా.

వ్యాసంలో ముప్పాతిక భాగం సమాధి తవ్విన కథే. అది జరగలేదని నేననను. భార్య ఎలిజబెత్ సిడ్డాల్ 1862 ఫిబ్రవరిలో లాడనం అనే నల్లమందు ద్రావకం ఎక్కువై చనిపోతే తన కవితల రాతప్రతిని ఆమెతో పాటే పెట్టెలో పెట్టించాడు, ఏడేళ్లు గడిచాక 1869 అక్టోబరులో మనుషుల చేత తీయించాడు, పురుగు తొలిచిన ఆ కాగితాల్లోని కవితలు 1870లో పుస్తకంగా వచ్చాయి. మరుసటేడు ఒకాయన దొంగపేరు పెట్టుకుని (అప్పటికే ఉన్నారన్నమాట ఫేక్ ఐడీలు) ఆ కవిత్వమంతా ఒట్టి ఒంటి యావ అని ఉతికేశాడు, ఆ దెబ్బకు ఈయన 1872లో మతి చెదిరి మంచాన పడ్డాడు. సరే, ఇదంతా చదవడానికి బాగానే ఉంటుంది. కానీ సిడ్డాల్‌ను 'మోడల్' అని ఒక్క ముక్కలో తేల్చేశారే, అది బాగాలేదు. టోపీల కొట్టులో పనిచేసిన ఆ పిల్ల తానూ బొమ్మలు వేసింది, కవితలు రాసింది, రస్కిన్ అంతటి విమర్శకుడు ఆమె బొమ్మలు డబ్బిచ్చి తీసుకున్నాడు.

అసలు నాకు కడుపు మండింది మాత్రం మీరు వేసిన బొమ్మ దగ్గర. 1874 నాటి 'ప్రాసర్పైన్', ముఖం ఒక్కటే ఉంచి చుట్టూ కత్తిరించేశారు. పూర్తి బొమ్మ మా అమ్మాయి ఫోన్లో పెద్దది చేసి చూపించింది. ప్రాసర్పైన్ అంటే రోమన్ల పురాణంలో పాతాళానికి ఎత్తుకుపోయిన ఆడపిల్ల, అక్కడ ఉండగా నోట్లో వేసుకున్న దానిమ్మ గింజ వల్లే పూర్తిగా తిరిగి రాలేకపోయింది, ఏడాదిలో కొంతకాలం అక్కడే ఉండాలి, అదీ కథ. చేతిలో కొరికిన దానిమ్మకాయ ఉంటుంది. దానిమ్మ అంటే మనకు కొత్తా? మార్కెట్ దగ్గర కాయల కమీషన్ కొట్టుకు బోర్డు రాసినప్పుడు విచ్చిన కాయ లోపలి రంగు పట్టుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది, ఎంత కలిపినా టమాటా మాదిరే వచ్చేది. ఈయన ఏం చేశాడంటే బొమ్మంతా చీకటి, బట్టలు మసక నీలం, వేడి రంగు మాత్రం ఆ కాయ విచ్చిన చోట, మళ్లీ ఆమె పెదాల మీద. మీరు పెదాలు ఉంచి కాయ తీసేశారు. ఇంక ఏం మిగిలింది?

పైన కుడి మూల గోడకు ఒక చీటీ అంటించినట్టు వేసి, అందులో ఇటాలియన్‌లో పద్నాలుగు పాదాల కవిత రాశాడు. దాని ఇంగ్లిష్ రూపం ఫ్రేము మీద. ఆ మాటలు ఆ అమ్మాయి నోటివే: ఎక్కడో దూరాన తలుపు తెరుచుకున్నప్పుడు ఒక్క క్షణం లోపలికి వచ్చి పోయే వెలుగు గురించి. ఆమె తల వెనక గోడ మీద తెల్లగా పడిన మచ్చ ఆ వెలుగే. రాతకూ బొమ్మకూ ముడి పడింది అక్కడే, ఎవరిదో కంప్యూటర్ మౌస్ ఆ ముడిని కట్ చేసింది.

ఇది ఆయనకు ముసలితనంలో పుట్టిన సరదా కాదు. 1848లో రోసెట్టితో కలిపి ఏడుగురు కుర్రాళ్లు ప్రీ-రాఫెలైట్ బ్రదర్‌హుడ్ అని ఒక గుంపు కట్టి, మరుసటేడు తమ బొమ్మల మీద పి.ఆర్.బి. అని మూడక్షరాలు రాశారు, ఆ ఏడాది 20 ఏళ్ల రోసెట్టి పెట్టిన తొలి పెద్ద బొమ్మకే ఫ్రేము మీద కవిత ఉంది. తండ్రి దేశం విడిచి లండన్ వచ్చిన ఇటాలియన్, పాతకాలపు ఇటలీ మహాకవి డాంటే మీద పరిశోధన ఆయన ప్రాణం, అందుకే కొడుకుకు పెట్టిన పేర్లలో చివరిది డాంటే. కొడుకు దాన్ని తీసి ముందుకు పెట్టుకున్నాడు. చెల్లెలు క్రిస్టినా కూడా కవే, నన్నడిగితే కవిత్వంలో అన్నకంటే ఆమే ఒక మెట్టు పైన, అది మా అమ్మాయి ఒప్పుకోదు.

మన దగ్గర అలాంటివాళ్లు లేరని చివర్లో రాశారు. అడివి బాపిరాజు గారిని మర్చిపోయారా? బొమ్మా పాటా రెండూ ఆయనవే. రాజమండ్రి కాలేజీలో ఆయనకు గురువైన కూల్డ్రే దొర కూడా బొమ్మలు వేస్తూ కవిత్వం రాసినవాడే.

ఈ 'ప్రాసర్పైన్'ను రోసెట్టి ఒకసారి వేసి వదిలిపెట్టలేదు, చనిపోయిన 1882లో కూడా మళ్లీ వేశాడు, అది బర్మింగ్‌హామ్‌లో ఉంది. మీరేసింది లండన్ టేట్ గ్యాలరీలోది. వచ్చే ఆదివారం దాన్ని పూర్తిగా వేయండి సార్, చిన్నదైనా ఫర్వాలేదు, రెండు కాలమ్‌లు చాలు. పైన కుడి మూల మాత్రం ముట్టుకోవద్దు.

ఇట్లు,
ఒక బోర్డు ఆర్టిస్టు, అనంతపురం