కన్సోల్ ఫైళ్లకు 666 ఇవ్వకండి

అందరికీ నమస్కారం. నిన్న 'పర్మిషన్ డినైడ్' సమస్యకు, లినక్స్‌లో డెవ్ (/dev) ఫోల్డర్ కింద ఉన్న కన్సోల్ (అక్షరాలతో పనిచేసే తెర) ఫైళ్లకు 666, అంటే ఎవరైనా చదవగల, రాయగల అనుమతి, ఇచ్చేయమని ఇక్కడ ఒక సలహా వచ్చింది. దయచేసి అలా చేయకండి. లినక్స్‌లో వీసీఎస్1 ఫైల్ చదివితే మొదటి కన్సోల్ స్క్రీన్ మీద ఆ క్షణంలో ఉన్న అక్షరాలన్నీ వచ్చేస్తాయి. రూట్‌గా (అన్ని అధికారాలున్న యూజర్‌గా) మీరు తెరిచిన కాన్ఫిగ్ ఫైల్‌లోని పాస్‌వర్డ్‌తో సహా! అదే కన్సోల్‌లో టైపింగ్, డిస్‌ప్లే రెండూ నడిచే టీటీవై1 ఫైల్‌ను చదవగలిగితే ఇంకా ప్రమాదం: అక్కడ టైప్ చేసే అక్షరాలు, స్క్రీన్ మీద కనపడని పాస్‌వర్డ్ కూడా, వేరేవాళ్ల ప్రోగ్రామ్‌కు చిక్కవచ్చు. రాయగలిగితే నకిలీ లాగిన్ ప్రాంప్ట్ చూపించవచ్చు.

యూజర్‌ను టీటీవై గ్రూప్‌లో చేర్చడమూ వద్దు, వీసీఎస్ ఫైళ్లు మామూలుగా ఆ గ్రూప్‌వే. ఆర్డ్యునో (చిన్న ఎలక్ట్రానిక్ బోర్డు) కోసమైతే ఉబుంటూలో సీరియల్ పోర్టులు వాడే అనుమతినిచ్చే డయలౌట్ గ్రూప్ చాలు. ఇప్పటికే 666 కోసం యూదేవ్ రూల్ (డెవ్ ఫైళ్ల అనుమతులను ఆటోమేటిక్‌గా పెట్టే నియమం) రాసినవాళ్లు దాన్ని తీసేయండి, లేకపోతే రీబూట్ తర్వాత కూడా 666 మళ్లీ వస్తుంది.