రాతి కోర్లను పారేయొద్దు

సంపాదకుల వారికి,

కీలక ఖనిజాల అన్వేషణ వార్తల్లో కనబడేది ఎప్పుడూ రాతిలో ఖనిజం ఎంతుందన్న శాతాలే. ఆ శాతం తేల్చడానికి బోరులోంచి తీసిన రాతి కోరును (కడ్డీ లాంటి రాతి ముక్కను) నిలువునా కోసి, ఒక సగాన్ని పిండి చేసి పరీక్షకు పంపుతారు. మిగిలిన సగాన్ని పారేయకుండా భద్రపరచాలన్నది మా విన్నపం. ఆ రాయి ఎలా పుట్టిందో చెప్పే ఆనవాళ్లు అందులో ఉంటాయి.

అగ్నిపర్వతం అడుగున మాగ్మాలో, అంటే కరిగిన రాతిలో, నీరు కరిగి ఉంటుంది. బరువులో నాలుగైదు శాతం ఉండటం మామూలే. మాగ్మా పైకొచ్చి ఒత్తిడి తగ్గినా, గడ్డకడుతూ పోయినా ఆ నీరు విడిపోతుంది. క్లోరిన్, గంధకం, రాగి దాని వెంటపోతాయి. ప్రపంచపు రాగిలో పెద్ద వాటా ఇలా చేరిందే.

ఈ మార్పంతా స్ఫటికాల్లో నమోదవుతుంది. క్వార్ట్జ్ పెరుగుతూ చుట్టూ ఉన్నదాన్ని చుక్కలుగా లోపల బంధిస్తుంది. మాగ్మా చుక్క గాజై మిగులుతుంది. వేడినీటి చుక్కలో నీరు, బుడగ, బాగా ఉప్పనైతే చిన్న ఉప్పు పలుకు కూడా కనిపిస్తాయి. అపటైట్‌లో (ఇదొక ఫాస్ఫేట్ ఖనిజం) క్లోరిన్ తగ్గిన చోటు నీరు విడిపోయిన దశను సూచిస్తుంది. అయితే వేరే స్ఫటికంలో దాగిన అపటైట్‌నే నమ్మాలి, బయటిది తర్వాతి వేడినీటికి మారిపోయి ఉండొచ్చు.

పొరపాట్లు సూక్ష్మదర్శినిలో చూడటానికి రాతిని పలచగా కోసి చేసే స్లైడు దగ్గరే మొదలవుతాయి. మామూలు 0.03 మిల్లీమీటర్ల మందంలో చాలా చుక్కలు తెగిపోతాయి. దాదాపు 0.1 మిల్లీమీటరు ఉంచి, రెండువైపులా నునుపు చేయాలి. రాతి పలకను గాజుకు వేడిచేసి అతికిస్తే చుక్కలు పగిలి కారిపోతాయి. పగులు మానిన గీత వెంబడి వరుసగా ఉన్న చుక్కలు ఆ తర్వాత చేరిన నీరు. వాటిని తొలినాటివిగా లెక్కిస్తే రాయి పుట్టిన ఉష్ణోగ్రత లెక్క మొత్తం తప్పుతుంది.

గూడూరు అభ్రకపు పెగ్మటైట్లు (పెద్ద స్ఫటికాల రాళ్లు) మాగ్మా చివరి, నీరు నిండిన దశలో పుట్టినవే. ఏ పెగ్మటైట్‌లోనైనా లిథియం స్పోడ్యుమీన్ అనే ఖనిజంలో ఉందా, అభ్రకంలో ఉందా అన్నది శాతం చెప్పదు. శుద్ధి పద్ధతి మాత్రం దాన్నిబట్టే మారుతుంది. ఖనిజాలు రాతిలో ఎలా అమరి ఉన్నాయో పిండిలో కనబడదు.

ఇది గనుల విషయమే కాదు. 2014 సెప్టెంబరు 27న జపాన్‌లో ఒంటాకే అగ్నిపర్వతం పేలి 60 మందికి పైగా బలయ్యారు. ఆ బూడిదలో దొరికినవి వేడినీరు మార్చేసిన రాతి ఖనిజాలు, కొత్త మాగ్మా కాదు. అది ఆవిరి పేలుడని ఖనిజాలే తేల్చాయి.

అందుకే గనుల లైసెన్సు షరతుల్లో సగం కోరును భద్రపరచాలన్న నిబంధన ఉండాలి, దాన్ని గట్టిగా అమలు చేయాలి. ఉత్తరాంధ్ర కోర్లకు విశాఖలో, విశ్వవిద్యాలయ విద్యార్థులు వచ్చి చూడగలిగేలా, ఒక గోదాము కట్టాలి. అది సముద్రపు గాలికి దూరంగా, పొడిగా ఉండాలి. తేమ తగిలితే కోరులోని పైరైట్ (ఇనుము, గంధకాల ఖనిజం) ఆమ్లమై పక్క రాయినీ తినేస్తుంది. పెట్టెలకు బోరు నంబరు, లోతు చెక్కిన అల్యూమినియం రేకులు బిగించాలి. మార్కరు రాత ఇక్కడి ఉక్కపోతలో నిలవదు.

– కొందరు భూవిజ్ఞాన అధ్యాపకులు, విశాఖపట్నం