తాళం పట్టుకునే ఉంది, స్క్రూ ఊడింది

చీమకుర్తి, ప్రకాశం జిల్లా
5 మే 2025

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: గిటార్ బెల్టు ఊడకుండా పట్టే మీ స్ట్రాప్ లాక్ కిట్‌లో ఇచ్చిన స్క్రూ ఊడి గిటార్ కిందపడి విరగడం. డబ్బు వాపసు, రిపేరు ఖర్చు గురించి.

అయ్యా,

మార్చి నెలాఖరులో 1,150 రూపాయలు కట్టి మీ స్ట్రాప్ లాక్ కిట్ ఒకటి తెప్పించాను. డబ్బాలో గిటార్‌కి బెల్టు తగిలించే గుండీలు రెండు, వాటికి బెల్టును బిగించే తాళాలు రెండు, రెండు స్క్రూలు, రెండు ఫెల్టు బిళ్లలు, ఇంగ్లీషులో ఒక కాగితం ఉన్నాయి. గిటార్ మా అమ్మాయిది. ఇంటర్ పరీక్షలు రాసి ఇంట్లో ఉంది, ఆదివారాలు చర్చిలో క్వయర్‌తో వాయిస్తుంది. తోలు బెల్టు పాతబడి బెజ్జాలు సాగిపోయాయి. పాట మధ్యలో బెల్టు జారడం, పిల్ల వాయించడం ఆపి గిటార్‌ని ఒడిసి పట్టుకోవడం, అందరూ అటే చూడడం. రెండు మూడుసార్లు చూశాక మనసొప్పక మీ కిట్ ఆర్డర్ పెట్టాను.

ఏప్రిల్ 13 మట్టలాదివారం. మా చర్చిలో నేలంతా గెలాక్సీ గ్రానైటే. మా ఊరి నల్లరాయి దేశదేశాలకు పోతుంది కాబట్టి మీ ఆఫీసులోనూ ఉండే ఉంటుంది, అదెంత గట్టిదో మీకు చెప్పక్కర్లేదు. రెండో పాట చరణంలో ఉండగా గిటార్ మెడ వైపు గుండీ ఊడొచ్చింది. మెడ కిందికి వాలి, తల పోయి నేలకు కొట్టుకుంది. గిటార్‌కి పికప్ ఉంది, అంటే మోతని స్పీకర్లకి పంపే పరికరం, వైరు తగిలించే ఉంది. ఆ దెబ్బ స్పీకర్లలో పిడుగు పడ్డట్టు వినిపించింది. ముందు వరసలో మట్టలు పట్టుకుని నిలబడ్డ చిన్నపిల్లలు ఇద్దరు ఏడుపు లంకించుకున్నారు. ఇంటికి తెచ్చి చూస్తే తల, మెడ కలిసే చోట, కర్ర సన్నగా ఉండే చోటే, మూడు వేళ్ల పొడవున చీలిక.

మీ తాళం మాత్రం ఊడలేదు. ఆ మాట ఒప్పుకుంటాను. బెల్టుకీ గుండీకీ ఉన్న పట్టు పట్టినట్టే ఉంది. తాళం, గుండీ, స్క్రూ మూడూ ఒక్కముద్దగా కర్రలోంచి బయటికొచ్చాయి. బీరువా అంత తాళం వేశాక గడియ మేకులే ఊడొస్తే ఇల్లుగలవాడు ఆ తాళాన్ని ఏం చేసుకుంటాడు?

నాకు ఇక్కడ హార్డ్‌వేర్ కొట్టు ఉంది. ఇరవై రెండేళ్లుగా స్క్రూలు అమ్ముతున్నాను. కొట్లోని వెర్నియర్ పెట్టి కొలిచాను. గిటార్‌కి కంపెనీ బిగించిన పాత స్క్రూ లావు 3.5 మిల్లీమీటర్లు, పొడవు 25. మీ స్క్రూ లావు 3, పొడవు 18. అందులోనూ మీ గుండీ మందంలోనే 7 పోతోంది, కర్రలోకి దిగేది 11 మాత్రమే. లావు స్క్రూ తిరిగిన బెజ్జంలో సన్న స్క్రూ పెడితే మరలు కర్రను కరవవు, బెజ్జంలో ఊరికే కూర్చుంటాయి. మా కొట్లో పనిచేసే కుర్రాడికి కూడా తెలిసిన సంగతిది.

మరి తెలిసీ ఎందుకు బిగించావని మీరు అడగొచ్చు. బిగించేటప్పుడు చివరి చుట్టులో రావాల్సిన బిగువు రాలేదు, నా చేతికి తెలిసింది. పాత స్క్రూ వేద్దామని తీశాను కూడా. మీ కాగితంలో నాలుగో పాయింటు చూసి ఆగాను. కిట్‌లో ఇచ్చిన స్క్రూలే వాడాలట, వేరేవి వాడితే వారంటీ చెల్లదట. నా చేతిని కాదని మీ కాగితాన్ని నమ్మాను. ఆ ఒక్కటే నా తప్పు.

రెండో తాళం సంగతి ఇంకా విడ్డూరం. అన్ని గిటార్లకూ సరిపోతుందని డబ్బా మీద వేశారు. పికప్ ఉన్న అకూస్టిక్ గిటార్లు చాలావాటికి అడుగువైపు గుండీయే వైరు గుచ్చే జాక్. అది లావుగా, నడుమ బోలుగా ఉంటుంది. దాన్ని పీకి మీ గుండీ పెడితే వైరు ఎక్కడ గుచ్చుకోవాలి? ఆ తాళం ఇప్పటికీ డబ్బాలోనే ఉంది, దానికి కూడా డబ్బు తీసుకున్నారు.

14వ తేదీన ఫొటోలతో సహా ఫిర్యాదు పెట్టాను. ఐదో రోజున ఫోనొచ్చింది. అంతా విని ఆ అబ్బాయి అన్నమాట ఇదీ: "ఇన్‌స్టలేషన్ సరిగా చేయలేదు సార్, మెకానిక్ చేత చేయించుకోవాల్సింది." స్క్రూ సైజు ఎంత బాబూ అని అడిగాను. స్టాండర్డ్ సైజే సార్ అన్నాడు. ఏ స్టాండర్డ్ అంటే లైన్లో ఉండమని సంగీతం పెట్టాడు. అందులోనూ గిటారే వాయిస్తున్నారు.

చీలికను మా వడ్రంగి చూశాడు. సన్నగొట్టంతో జిగురు లోపలికి ఎక్కించి, రెండు పక్కలా చెక్కలు పెట్టి, క్లాంపుతో ఒక రోజంతా బిగించి ఉంచాడు. 600 తీసుకున్నాడు, కొత్త తీగలకి ఇంకో 450. ఈస్టర్ రోజున పిల్ల ఎవరిదో గిటార్ అడిగి తెచ్చుకుని వాయించింది.

స్క్రూ బెజ్జం నేనే బాగుచేశాను. మూడు అగ్గిపుల్లల మందు గీకేసి, ఫెవికాల్‌లో ముంచి బెజ్జంలో దట్టించి, పైకి మిగిలింది బ్లేడుతో కోసేసి రాత్రంతా ఆరనిచ్చాను. పొద్దున పాత స్క్రూకే కాస్త సబ్బు రాసి పాత గుండీతో సహా బిగిస్తే, చివరి రెండు చుట్లకి మణికట్టు నొప్పి పుట్టింది. బిగువంటే అదీ. బెల్టు జారకుండా సైకిల్ ట్యూబు ముక్కని రూపాయి బిళ్లంత గుండ్రంగా కోసి, నడుమ గుండీ కన్నా చిన్న బెజ్జం పొడిచాను. బెల్టు తొడిగాక దాని మీంచి సాగదీసి గుండీకి ఎక్కిస్తే కరుచుకుని కూర్చుంది. హవాయి చెప్పు బెజ్జం సాగితే అడుగున పిన్నీసు పెట్టి నడిచేవాళ్లం కదా, ఆ లెక్కే. జాక్ వైపు ట్యూబు ముక్క నిలవలేదు, లావుకి చిరిగింది. సోడా బండి ఆయన్ని అడిగితే గోలీసోడా సీసా మెడలో వేసే రబ్బరు రింగు ఒకటి ఊరికే ఇచ్చాడు. అది అచ్చు గుద్దినట్టు సరిపోయింది. బయటి దేశాల్లో గ్రోల్ష్ అనే డచ్ బీరు సీసా మూతకుండే రబ్బరుని గిటార్ వాయించేవాళ్లు ఇందుకే వాడతారట. మాది చర్చి గిటార్, మాకు సోడా చాలు. అంతా కలిపి పది రూపాయలు కాలేదు. రెండు ఆదివారాలు వాయించింది, కదల్లేదు. రబ్బరు ఎండిపోతుంది కాబట్టి ఆర్నెల్లకోసారి మార్చుకోవాలి, అంతే.

నేను అడిగేది ఇది. కిట్ ధర 1,150, రిపేరు 600, తీగలు 450, మొత్తం 2,200 రూపాయలు పంపండి. డబ్బా మీద స్క్రూ లావు, పొడవు వేయండి. జాక్ ఉన్న గిటార్లకు పనికిరాదని రాయండి. పాత స్క్రూ లావుగా ఉంటే అదే వాడుకోండని తెలుగులో ఒక్క ముక్క అచ్చేయించండి. స్క్రూ మార్చడానికి మీకు రూపాయి ఖర్చు కూడా ఎక్కువ కాదు, ఆ సరుకు అమ్మేవాణ్ణి కాబట్టి చెబుతున్నాను.

ఆన్‌లైన్లో అమ్మేవాళ్లు ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలని, నెలలోపు తేల్చాలని 2020 ఈ-కామర్స్ నిబంధనల్లో ఉంది. మొదటిది ఎలాగూ దాటిపోయింది. రెండోదానికి మే 14 దాకా టైముంది. అప్పటికీ తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను, తర్వాత ఒంగోలులో జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేనుండే జిల్లాలోనే కేసు వేసుకోవచ్చు, 5 లక్షల లోపు సరుకుకి ఫీజు కూడా లేదు. సరుకు కోసం వారానికోసారి ఒంగోలు వెళ్లేవాణ్ణే, నాకది దూరం కాదు.

బిల్లు, ఫొటోలు, వడ్రంగి రాసిచ్చిన చీటీ జతచేశాను. మీ స్క్రూ ఒకటి, నా పాత స్క్రూ లాంటిది ఒకటి ఈ కవర్లోనే చిన్న ప్లాస్టిక్ సంచిలో ఉన్నాయి. మీ మెకానిక్‌కి ఇచ్చి కొలిపించండి.

ఇట్లు,
మీ కిట్ కొన్న హార్డ్‌వేర్ కొట్టతను