పెద్దవాళ్ల నివాసాలకూ పొడి చెత్త బండి రావాలి

గౌరవనీయులైన పురపాలక శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను రిటైర్డ్ నర్సుని. సీనియర్ సిటిజన్ల కోసం కట్టిన ఒక నివాస సముదాయంలో ఉంటున్నాను. మా వీధిలో ఇంటింటికీ తిరిగి పొడి చెత్త విడిగా తీసుకెళ్లే బండి మా దగ్గర మాత్రం ఆగదు. కారణం అడిగితే, రికార్డుల్లో మాది ఇళ్ల కింద లేదు, సంస్థ కింద ఉందన్నారు. సంస్థల చెత్త సంగతి సంస్థలే చూసుకోవాలట. అందుకని మేనేజ్‌మెంట్ ఒక ప్రైవేటు కాంట్రాక్టరును పెట్టుకుంది. అతని లారీలో అన్నీ ఒకే కుప్ప. మా పక్క గదిలో ఉండే పెద్దాయన వారం వారం పాత పేపర్లు అంచులు సరిచేసి, పురికొసతో కట్టి మరీ ఇస్తారు. ఆ కట్ట వెళ్లి వంటింటి తడి చెత్త మీద పడుతుంది. తడిసి జిడ్డు పట్టిన కాగితం ఇక మిల్లుకు పనికిరాదు.

మంత్రి గారూ, మేం ఇక్కడ రోగులుగా లేం, ఇది మా ఇల్లు. రికార్డుల్లో ఆ ఒక్క మాట మారితే సగం సమస్య తీరుతుంది.

మిగతా సగం బండి వచ్చాక మొదలవుతుంది. ఎందుకంటే మా చెత్త మామూలు ఇళ్ల చెత్తలా ఉండదు. మాత్రల స్ట్రిప్పులే చూడండి. వెనక అల్యూమినియం రేకు మెరుస్తుంటే రీసైక్లింగ్‌కి పోతుందనే ఎవరైనా అనుకుంటారు. కానీ ఆ రేకు ప్లాస్టిక్‌కి గట్టిగా అతుక్కుని ఉంటుంది. వాటిని విడదీయడానికి ప్రత్యేక ప్లాంటు కావాలి, కాబట్టి విడిగానే సేకరించాలి. చెవి మిషన్లలో వాడే బిళ్ల బ్యాటరీలు కొన్ని వారం పది రోజులకే అయిపోతాయి. ఇక లిథియం బ్యాటరీలైతే లారీలో నలిగినప్పుడు నిప్పు అంటుకునే ప్రమాదం ఉంది. వాడని మందులు టాయిలెట్‌లో పోస్తే నీటిలో కలుస్తాయి. కొందరి సొరుగుల్లో పాదరసం థర్మామీటర్లు ఇంకా ఉన్నాయి. పాదరసం వాడకం తగ్గించడానికి 2013లో దేశాల మధ్య మినమాటా ఒప్పందం కుదిరింది. కానీ మా సొరుగుల్లో ఉన్నవాటిని ఎవరికి అప్పగించాలో చెప్పేవాళ్లు లేరు.

అన్నిటికంటే నన్ను భయపెట్టేది ఇన్సులిన్ సూదులు. చెత్త ఏరే మనిషి చేతికి సూది గుచ్చుకుంటే హెపటైటిస్ బి, సి లాంటివి సోకవచ్చు. ఆ టెన్షన్ ఎలాంటిదో ఉద్యోగంలో దగ్గర నుంచి చూశాను. సూదులకు గుచ్చుకోని గట్టి డబ్బా ఇచ్చి, అది నిండగానే ఆసుపత్రి వ్యర్థాలతో పాటు పంపే ఏర్పాటు ఉండాలి. ఇది రేపటికి వాయిదా వేసే పని కాదు.

డబ్బాల విషయంలోనూ ఒక మనవి. నీలం డబ్బా, ఆకుపచ్చ డబ్బా పెట్టి చేతులు దులుపుకుంటే మాకు ఉపయోగం లేదు. వయసు పెరిగే కొద్దీ కంటిలోని కటకం పసుపుబారుతుంది, ఆ రెండు రంగులకీ తేడా సరిగా తెలియదు. రంగుతో పాటు పెద్ద అక్షరాలు, బొమ్మ ఉండాలి. సీసాల డబ్బాకి గుండ్రటి రంధ్రం, కాగితాల డబ్బాకి సన్నని చీలిక ఉంటే చెయ్యి పెట్టగానే తెలిసిపోతుంది. ఒక చేత్తో వాకర్ పట్టుకున్న మనిషి బరువైన మూత ఎత్తలేరు. మతిమరుపు ఉన్నవాళ్లకి అన్ని అంతస్తుల్లోనూ డబ్బాలు ఒకే చోట, ఒకేలా ఉండాలి. ఇవేవీ పెద్ద ఖర్చు పనులు కావు, కొనే ముందు మమ్మల్ని ఒక మాట అడిగితే చాలు.

పెద్దవాళ్లకి ఇవన్నీ నేర్పడం కష్టమని మీ దాకా ఎవరైనా చెప్పి ఉంటే దయచేసి నమ్మకండి. మాలో చాలామంది ఇప్పటికే విడదీసి ఇస్తున్నారు. చేయలేని వాళ్లకి సాయం చేసే సిబ్బంది ఉన్నారు, వాళ్లకి శిక్షణ ఇప్పించండి. చెత్త కలిపేసే కాంట్రాక్టరుకి బిల్లు ఆపే షరతు ఒప్పందంలో పెట్టించండి. విడిగా తీసుకెళ్లిన కాగితం, ఖాళీ అల్యూమినియం డబ్బాలు ఎంత బరువు తూగాయో ఆ చీటీ మా నోటీసు బోర్డు మీద పెట్టించండి. అల్యూమినియాన్ని ఖనిజం నుంచి తీసే బదులు పాతది కరిగించి వాడితే సుమారు 95 శాతం శక్తి ఆదా అవుతుంది. మేం పారేసే అల్యూమినియం డబ్బాలు కూడా ఆ లెక్కలోకి రావాలని మా కోరిక.

అన్ని చోట్లా ఒకేసారి వీలుకాకపోతే ముందు ఒక సముదాయంలో ఆరు నెలలు నడిపి చూడండి. మా దగ్గరే మొదలుపెడతామంటే, ఏ అంతస్తులో ఏ డబ్బా ఎక్కడ ఉండాలో మీ అధికారులతో కలిసి తిరిగి చూపిస్తాం. ఏ రోజు పంపుతారో తెలియజేయండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ నర్సు, తోటి నివాసుల తరఫున