నోటీసుకు 96 గంటలు: వెస్ట్ బ్యాంక్ పౌరుల విషయమై విదేశాంగ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన విదేశాంగ వ్యవహారాల మంత్రి డాక్టర్ ఎస్. జైశంకర్ గారికి,

నమస్కారం.

ఇజ్రాయెల్ ఆక్రమణలో ఉన్న పాలస్తీనా ప్రాంతం వెస్ట్ బ్యాంక్ గురించి పార్లమెంటులో ఎవరు అడిగినా మీ శాఖ నుంచి వచ్చే జవాబు ఒకటే: చర్చలతో రెండు దేశాల పరిష్కారం. దానితో మాకు పేచీ లేదు. పాలస్తీనాను 1988 నవంబర్ 18నే గుర్తించిన దేశం మనది. అయితే సరిహద్దులు తేలేలోపు అక్కడి ఊళ్లలో ఇళ్లు ఎలా కూలుతున్నాయి, పిల్లలు జైళ్లకు ఎలా చేరుతున్నారు అన్నది ఆ జవాబులో ఎక్కడా కనిపించదు. పైగా ఈ మధ్య మన దేశం చేసుకుంటున్న ఒప్పందాలు కొన్ని నేరుగా ఆ వ్యవహారంలోకే దారి తీసేలా ఉన్నాయి. వాటిని సరిచేసే అధికారం మీకుంది. అందుకే ఈ లేఖ.

ఒక మాట ముందే చెబుతున్నాం. 2023 అక్టోబర్ 7న హమాస్ పౌరులను చంపడం, బందీలుగా పట్టుకెళ్లడం యుద్ధ నేరాలు. అవి వెస్ట్ బ్యాంక్ పౌరులకు చట్టం ఇచ్చిన రక్షణను రవ్వంత కూడా తగ్గించవు. ఒకరి నేరానికి వేరొకరిని శిక్షించకూడదని, యుద్ధకాలంలో పౌరుల రక్షణ కోసం ఉద్దేశించిన నాలుగో జెనీవా ఒప్పందం 33వ అధికరణం స్పష్టంగా చెబుతోంది.

1967 జూన్ 7న ఇజ్రాయెల్ సైన్యం జారీ చేసిన రెండో ప్రకటనతో వెస్ట్ బ్యాంక్‌లో ప్రభుత్వ, శాసన, నియామక, పరిపాలనా అధికారాలన్నీ సైనిక కమాండర్ చేతికి వెళ్లాయి. నాటి నుంచి అక్కడి పాలస్తీనా వాసికి చట్టమంటే సైనిక ఉత్తర్వే. ఎదురుగా కొండ మీద సెటిల్‌మెంట్‌లో, అంటే ఆక్రమిత నేల మీద కట్టిన ఇజ్రాయెలీ కాలనీలో, ఉండే ఇజ్రాయెలీకి మాత్రం ఇజ్రాయెల్ పౌర చట్టం వర్తిస్తుంది. ఒకే రోడ్డు మీద ఒకే తప్పు చేసిన ఇద్దరు రెండు వేర్వేరు కోర్టులకు వెళ్తారు. మిగతా అన్యాయాలన్నిటికీ మూలం ఇక్కడే ఉంది.

ఇల్లు ఎలా పోతుందో చూడండి. 1995లో ఇజ్రాయెల్, పాలస్తీనా నేతలు కుదుర్చుకున్న రెండో ఓస్లో ఒప్పందం వెస్ట్ బ్యాంక్‌ను ఎ, బి, సి ప్రాంతాలుగా విడదీసింది. దాదాపు 60 శాతం నేల, పూర్తిగా ఇజ్రాయెల్ నియంత్రణలో ఉండే సి కిందకు వచ్చింది. అక్కడ గది కట్టాలన్నా, గొర్రెల దొడ్డికి రేకులు వేయాలన్నా, వాననీటి తొట్టి తవ్వాలన్నా సైన్యం కింద పనిచేసే సివిల్ అడ్మినిస్ట్రేషన్ అనుమతి కావాలి. అనుమతి రావాలంటే ఊరికి ఆమోదం పొందిన మాస్టర్ ప్లాన్ ఉండాలి. 1971లో వచ్చిన 418వ సైనిక ఉత్తర్వు ప్రణాళికా కమిటీల్లో పాలస్తీనా వాళ్లకున్న స్థానాన్ని తీసేసింది. అంటే ఊరి ప్లాన్ గీసే చోట ఆ ఊరివాళ్లు ఉండరు. ప్లాన్ లేదు కాబట్టి దరఖాస్తు తిరస్కరిస్తారు. కుటుంబం పెరుగుతుంది, గది కట్టక తప్పదు, కట్టిన మరుక్షణం అది అక్రమ కట్టడం. దరఖాస్తుల్లో ఆమోదం పొందేవి ఏళ్ల తరబడి నూటికి రెండు మూడు కూడా ఉండటం లేదు.

ఆ తర్వాత నోటీసు. సివిల్ అడ్మినిస్ట్రేషన్ ఇన్‌స్పెక్టర్ సైనిక జీపుతో వచ్చి ఫొటో తీసుకుంటాడు. కాగితాన్ని గోడకు అంటించో, రాయి కింద పెట్టో పోతాడు. పాత పద్ధతిలో అయితే సివిల్ అడ్మినిస్ట్రేషన్ కేంద్రమైన బెయిత్ ఎల్‌లో విచారణ, అప్పీలు, ఆపైన ఇజ్రాయెల్ హైకోర్టులో పిటిషన్ ఉండేవి. ఇల్లు నిలవకపోయినా కొన్నేళ్ల గడువైనా దొరికేది. 2018లో తెచ్చిన 1797వ ఉత్తర్వు ఆ కాస్త వెసులుబాటునూ లాగేసుకుంది. ఇటీవలే కట్టినదైనా, ఇంట్లో చేరి 30 రోజులు నిండకపోయినా దాన్ని ‘కొత్త కట్టడం’గా లెక్కించి, నోటీసు ఇచ్చిన 96 గంటల తర్వాత కూల్చేయవచ్చు. ఆపించాలంటే చూపాల్సింది అనుమతి పత్రం. రాదని అందరికీ తెలిసిన పత్రం అదే. గురువారం సాయంత్రం నోటీసు పడితే శుక్ర, శని వారాలు ఆఫీసులు మూత. ఆదివారం ఒక్కరోజూ, సోమవారం కొంతా మిగులుతుంది. ఆ వ్యవధిలో లాయర్‌ను పట్టుకోవాలి, భూమి కాగితాలు వెతకాలి, సర్వే మ్యాపు తీయించాలి. ఇక తూర్పు జెరూసలేంలో కూల్చివేత ఖర్చు కూడా ఇంటి యజమాని నుంచే వసూలు చేస్తారు. ఆ జరిమానాలకు భయపడి తమ ఇంటిని తామే పగలగొట్టుకునే కుటుంబాలు అక్కడ ఉన్నాయి.

దక్షిణ హెబ్రాన్ కొండల్లోని మసాఫర్ యట్టా ఇందుకు నిలువెత్తు ఉదాహరణ. 1980ల మొదట్లో ఆ పల్లెలున్న నేలను సైన్యం 918వ ఫైరింగ్ జోన్‌గా ప్రకటించింది. 1999లో సుమారు 700 మందిని వెళ్లగొట్టింది. కోర్టు మధ్యంతర ఉత్తర్వుతో వాళ్లు తిరిగొచ్చారు. రెండు దశాబ్దాలు దాటాక, 2022 మే 4న హైకోర్టు ఆ ఊళ్లను ఖాళీ చేయించడానికి అడ్డు లేదంది. వెయ్యి మందికి పైగా జనం, గుహ ఇళ్లు, గొర్రెల మందలు, వాననీటి తొట్లు, అన్నీ ఒక్క తీర్పుతో గాలిలో దీపమయ్యాయి. అనివార్యమైన సైనిక చర్య కోసం తప్ప పౌరుల ఆస్తిని ధ్వంసం చేయకూడదని అదే జెనీవా ఒప్పందం 53వ అధికరణం, ఆక్రమిత ప్రాంతంలోని జనాన్ని బలవంతంగా తరలించకూడదని 49వ అధికరణం చెబుతున్నాయి. షూటింగ్ ప్రాక్టీసు ఆ మినహాయింపు కిందకు రాదు.

నీళ్ల సంగతీ ఇంతే. 1967 నవంబరులో వచ్చిన 158వ ఉత్తర్వు ప్రకారం అనుమతి లేకుండా ఏ నీటి వసతీ కట్టుకోకూడదు. ఇజ్రాయెల్ మానవ హక్కుల సంస్థ బెత్సెలెమ్ 2023లో ఇచ్చిన లెక్క ప్రకారం ఇజ్రాయెలీల సగటు వాడకం మనిషికి రోజుకు 247 లీటర్లు, వెస్ట్ బ్యాంక్ పాలస్తీనా వాసులది 82. పైపులైను లేని పల్లెల్లో 26.

పొలానికి పోవడం మరో తతంగం. విభజన గోడ అవతల భూమి చిక్కుకున్న రైతు తన పొలానికి తానే పర్మిట్ తెచ్చుకోవాలి. వారసుల మధ్య కాగితం మీద పంచి చూసి, ఒక్కొక్కరి వాటా 330 చదరపు మీటర్లకు, అంటే మన ఎనిమిది సెంట్లకు, తక్కువగా తేలితే సాగు అవసరమే లేదని పర్మిట్ నిరాకరించే నిబంధన పెట్టారు. అన్నదమ్ములు కలిసి చేసుకునే ఆలివ్ తోట ఈ లెక్కలో ఎవరిదీ కాకుండా పోతుంది.

పిల్లల అరెస్టుల గురించి మాత్రం కాస్త నిదానంగా చదవమని కోరుతున్నాం. వెస్ట్ బ్యాంక్‌లో పన్నెండేళ్లు నిండితే సైనిక కోర్టుకు తీసుకెళ్లవచ్చు. రాయి విసిరాడన్న అభియోగానికి గరిష్ఠ శిక్ష పదేళ్లు. కదిలే వాహనం మీద హాని చేసే ఉద్దేశంతో విసిరాడంటే ఇరవై. అరెస్టులు చాలావరకు అర్ధరాత్రి దాటాక, ఇంట్లో నిద్రలో ఉండగా జరుగుతాయి. చేతులు ఎలా కట్టాలో సైన్యానికే సొంత నియమం ఉంది: మూడు ప్లాస్టిక్ పట్టీలు వాడాలి, మణికట్టుకు ఒక్కొక్కటి, రెండింటినీ కలుపుతూ ఒకటి, పట్టీకీ చర్మానికీ మధ్య వేలు దూరేంత సందు ఉండాలి. ఆ నియమాన్ని పాటించకుండా ఒకే పట్టీని బిగించి లాగడం వల్ల చేతులు వాచిపోయి, కమిలిపోయిన పిల్లల వాంగ్మూలాలు కోకొల్లలు. కళ్లకు గంతలు, జీపు నేల మీద ప్రయాణం, తల్లిదండ్రులు లేని విచారణ గది, చివర హీబ్రూలో రాసిన కాగితం మీద సంతకం. ఆ పిల్లవాడికి హీబ్రూ రాదు. 14, 15 ఏళ్ల పాలస్తీనా పిల్లవాణ్ణి జడ్జి ముందు పెట్టకుండా 48 గంటలు ఉంచుకోవచ్చు. అదే వయసు సెటిలర్ కుర్రాడికి 24 గంటలే గడువు, విచారణలో తల్లో తండ్రో పక్కనుండే హక్కు కూడా ఉంది.

కోర్టుకు చేరాక ఏం జరుగుతుందో ఊహించడం కష్టం కాదు. బెయిల్ చాలావరకు దొరకదు. కేసు పూర్తిగా నడిపితే పట్టే కాలం, ఒప్పుకుంటే పడే శిక్ష కంటే ఎక్కువ. అందుకని లాయరే నేరం ఒప్పుకోమని చెప్పాల్సి వస్తుంది. సైనిక కోర్టుల్లో శిక్షలు నూటికి 99 దాటడానికి ప్రధాన కారణం ఈ బేరమే. యూనిసెఫ్ 2013లోనే ఈ నిర్బంధ వ్యవస్థలో పిల్లల పట్ల దుర్మార్గ ప్రవర్తన విస్తృతంగా, ఒక పద్ధతి ప్రకారం జరుగుతున్నట్టు కనిపిస్తోందని రాసింది.

అభియోగమే లేని నిర్బంధం వేరే ఉంది. 1651వ సైనిక ఉత్తర్వు కింద ఆరు నెలల చొప్పున ఎన్నిసార్లయినా పొడిగించవచ్చు. సాక్ష్యం రహస్యం. ఖైదీకీ చూపరు, లాయర్‌కీ చూపరు. మన పీడీ యాక్ట్‌ను ఎంత విమర్శించినా, అందులో కారణాలు రాసివ్వాలి, ఏడాదికి మించి ఉంచడానికి లేదు. అక్కడ ఆ పైకప్పు లేదు. 2024 మొదటికే ఇలా బందీలైనవారు మూడు వేలు దాటారు. ఖైదీలను ఆక్రమిత ప్రాంతంలోనే ఉంచాలని జెనీవా ఒప్పందం 76వ అధికరణం అంటుంది. జైళ్లలో చాలావరకు ఉన్నవి ఇజ్రాయెల్ లోపల. తల్లి కొడుకును చూడాలంటే సరిహద్దు దాటే పర్మిట్ కావాలి. 2023 అక్టోబర్ నుంచి రెడ్ క్రాస్ ప్రతినిధులను కూడా ఖైదీల దగ్గరకు రానివ్వడం మానేశారు.

ఇక మన దేశం సంగతి.

2023 అక్టోబర్ తర్వాత ఇజ్రాయెల్ లక్ష మందికి పైగా పాలస్తీనా కార్మికుల పర్మిట్లు నిలిపేసింది. ఆ ఖాళీల్లోకి సెంట్రింగ్, రాడ్ బెండింగ్, ప్లాస్టరింగ్, టైల్స్ పనివాళ్లను ప్రభుత్వాల మధ్య ఒప్పందం కింద మనం పంపుతున్నాం. 2024లో హైదరాబాద్‌లోనూ ఎంపికలు జరిగాయి. బతుకుతెరువు కోసం వెళ్లే కూలీని మేము తప్పుపట్టం. అతని ఒప్పంద పత్రంలో పని చేసే చోటు చిరునామా ఉందా అన్నదే మా ప్రశ్న. 2025 ఆగస్టులో వెస్ట్ బ్యాంక్‌లోని మాలే అదుమీమ్ సెటిల్‌మెంట్ పక్కన ఈ1 ప్రాంతంలో దాదాపు 3,400 ఇళ్లకు తుది ఆమోదం ఇచ్చారు. వాటి స్లాబులకు సెంట్రింగ్ కొట్టేవాళ్లలో మనవాళ్లు ఉండరన్న హామీ ఎక్కడ? అదే ఏడాది మార్చిలో పది మంది భారతీయ కార్మికులను వెస్ట్ బ్యాంక్‌లోని అల్ జయీమ్ గ్రామంలో కనుగొన్నారు. పని ఇస్తామని తీసుకెళ్లి పాస్‌పోర్టులు లాక్కున్నారు. గ్రీన్ లైన్, అంటే 1967కు ముందున్న హద్దు, దాటితే కార్మికుడికీ రక్షణ లేదు.

ఒప్పందంలో వర్క్‌సైట్ చిరునామా, పోస్టల్ కోడ్‌తో సహా రాయించండి. గ్రీన్ లైన్ అవతలికి, తూర్పు జెరూసలేంతో కలిపి, పంపకూడదన్న నిబంధన పెట్టండి. వెళ్లనన్న కార్మికుడి వీసా రద్దు కాకూడదు. ఈ షరతులు తెలుగులో, హిందీలో చదివి వినిపించి సంతకం తీసుకోవాలి. సైట్ మారినప్పుడల్లా యజమాని మన రాయబార కార్యాలయానికి తెలియజేయాలి.

పోస్టల్ కోడ్ ఎందుకంటున్నామో చెప్పాలి. యూరోపియన్ యూనియన్ 2005 నుంచి ఇజ్రాయెల్ సరుకు ఎక్కడ తయారైందో చెప్పే మూల ధ్రువపత్రంలో ఊరి పేరు, పోస్టల్ కోడ్ అడుగుతోంది. సెటిల్‌మెంట్ కోడ్ ఉంటే సుంకం రాయితీ ఇవ్వదు. జోర్డాన్ లోయ సెటిల్‌మెంట్లలో పండిన మెడ్జూల్ ఖర్జూరం, ఇజ్రాయెల్ లోపలి హైఫా ఫ్యాక్టరీలో చేసిన సరుకు ఒకే పేరుతో రాకుండా ఈ ఒక్క గడి పట్టేస్తుంది. మనం ఇప్పుడు ఇజ్రాయెల్‌తో స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం మాట్లాడుకుంటున్నాం. సంతకానికి ముందు చేర్చడం తేలిక, తర్వాత అసాధ్యం. మన కస్టమ్స్ 2020 మూల నిబంధనల్లో దిగుమతిదారు నింపే ఫారం ఇప్పటికే ఉంది. అందులో ఒక వరుస చేర్చితే చాలు.

2025 సెప్టెంబర్ 8న ఢిల్లీలో పెట్టుబడుల ఒప్పందం మీద ఇజ్రాయెల్ తరఫున సంతకం చేసింది నాటి ఆర్థిక మంత్రి బెజలెల్ స్మోట్రిచ్. సెటిల్‌మెంట్ల పరిపాలన కూడా అప్పుడు ఆయన చేతిలోనే ఉంది. అంతకు మూడు నెలల ముందే బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, నార్వే ఆయనపై ఆంక్షలు విధించాయి. ఆ ఒప్పందంలో ‘భూభాగం’ అంటే 1967కు ముందున్న హద్దులేనని మీరు లిఖితపూర్వకంగా ప్రకటించాలి. ఇది మా కోరిక మాత్రమే కాదు. 2024 జులై 19న అంతర్జాతీయ న్యాయస్థానం ఆక్రమిత ప్రాంతంలో ఇజ్రాయెల్ ఉనికే చట్టవిరుద్ధమని 11–4 మెజారిటీతో చెప్పింది. ఆ పదకొండు మందిలో మన జస్టిస్ దల్వీర్ భండారీ ఉన్నారు. ఇజ్రాయెల్‌తో వ్యవహరించేటప్పుడు దాని సొంత భూభాగాన్నీ, ఆక్రమిత ప్రాంతాన్నీ వేరుగా చూడాలని అన్ని దేశాలకూ ఆ అభిప్రాయం చెబుతోంది. దాన్ని అమలు చేయాలన్న తీర్మానం అదే ఏడాది సెప్టెంబర్ 18న ఐక్యరాజ్య సమితి సర్వసభ్య సభకు వస్తే 124 దేశాలు ఔనన్నాయి. మనం ఓటు వేయకుండా కూర్చున్నాం. ఏడాది తర్వాత, రెండు దేశాల పరిష్కారాన్ని కోరే న్యూయార్క్ ప్రకటనకు అనుకూలంగా ఓటేశాం. ఆ రెండో ఓటుకు తగినట్టు కాగితాలు మారాలి.

చివరిగా మన సొంత చట్టం. 1960 నాటి జెనీవా ఒప్పందాల చట్టం 3వ సెక్షన్ ప్రకారం, ఆ ఒప్పందాల తీవ్ర ఉల్లంఘనకు దేశంలో గానీ బయట గానీ ఎవరు పాల్పడినా, సహకరించినా మన కోర్టులు శిక్షించవచ్చు. అయితే ప్రభుత్వం గానీ, గెజిట్‌లో నోటిఫై చేసిన అధికారి గానీ ఫిర్యాదు చేస్తే తప్ప కోర్టు కేసు తీసుకోకూడదని 17వ సెక్షన్ అడ్డుపడుతుంది. అంటే బాధితుడి వద్ద ఎన్ని ఆధారాలున్నా మీ ప్రభుత్వం కదలనిదే ఆ చట్టం పుస్తకంలోనే ఉంటుంది. ఆధారాలను స్వీకరించి, పరిశీలించి, లిఖితపూర్వకంగా జవాబివ్వడానికి ఒక అధికారిని నోటిఫై చేయించండి.

ఖైదీల దగ్గరకు రెడ్ క్రాస్‌ను అనుమతించాలని ఇజ్రాయెల్‌ను బహిరంగంగా అడగడానికి ఏ చట్టమూ మార్చనక్కర్లేదు. ఆ మాట ఈ వారమే అనవచ్చు.

కార్మికుల ఒప్పందంలో, మూల ధ్రువపత్రంలో చేర్చాల్సిన నిబంధనల ముసాయిదాను ఈ లేఖతో జతచేస్తున్నాం. వచ్చే పార్లమెంటు సమావేశాల్లోగా వీటిపై మీ శాఖ నిర్ణయాన్ని సభ ముందు ఉంచాలని కోరుతున్నాం.

ఇట్లు,
హైదరాబాద్, విజయవాడల నుంచి
అంతర్జాతీయ మానవతా చట్టంపై పనిచేస్తున్న న్యాయవాదులు, అధ్యాపకులు